కేశవులు బావ తాళం

పాటను సెల్‌ఫోన్ స్పీకర్లో వినేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. విందుభోజనాన్ని కిటికీలోంచి చూసి కడుపు నిండిందనుకోవడం లాంటిది అది. ఈ మాట కనీసం రెండొందల మందికి చెప్పి ఉంటాను. బస్సులో పక్క సీటాయనకు చెప్పాను, పెళ్ళిపందిట్లో పెళ్ళికొడుకు మేనమామకు చెప్పాను, ఒకసారి గుడి క్యూలో నా ముందున్న ముసలావిడకు కూడా చెప్పాను. చెప్పిన ప్రతిసారీ మా ఆవిడ భువనేశ్వరి నా వెనక నిలబడి అవతలివాళ్ళకు కళ్ళతోనే క్షమాపణ చెప్పేది.

నా పేరు యతిరాజులు. హార్బర్లో ఫిట్టరుగా ముప్పైనాలుగేళ్ళు పనిచేసి రిటైరయ్యాను. తొండియార్‌పేటలో మా ఇంటి ముందుగది పదకొండడుగుల వెడల్పు. అందులో మనుషులకు ఒక సోఫా, మిగిలినదంతా నా పాటల సరంజామా. పాటలన్నీ ఒక చిన్న పెట్టెలో ఫైళ్ళుగా ఉంటాయి. ఫోన్లో వేలితో తాకితే ఇంటి వైఫై మీదుగా ఫైలు స్ట్రీమర్‌కు చేరుతుంది, అక్కడి నుంచి ఆంప్లిఫయర్‌కు, అక్కడి నుంచి నడుమెత్తు స్పీకర్లకు. అవి మామూలు ఫైళ్ళు కావు, హై రిజల్యూషన్. ఇరవైనాలుగు బిట్లు, సెకనుకు తొంభైఆరు వేల సార్లు ధ్వనిని కొలిచి దాచినవి. పాడేవాడు మధ్యలో ఊపిరి పీల్చుకున్నా వినపడాలి, అదీ నా లెక్క.

పురసవాక్కంలో నాలాంటి పిచ్చివాళ్ళం ఏడుగురం నెలకొకసారి కలుస్తాం. కళ్ళు మూసుకుని, మోగేది మంచి ఫైలో నాసిరకం ఫైలో చెప్పే పోటీ పెట్టుకునేవాళ్ళం. నేను పదికి ఎనిమిది చెప్పేవాణ్ణి. "రాజులువి పాము చెవులు" అనేవాళ్ళు. కొన్నేళ్ళుగా ఆ పోటీ ఆగిపోయింది. ఎవరు ఆపించారో గుర్తులేదు. బహుశా నేనే.

మా అక్క మంగళ ఉండేది పాత వాషర్‌మెన్‌పేట్‌లో. నాకంటే ఏడేళ్ళు పెద్దది, డెబ్బై ఒకటి నడుస్తోంది. ఒక్కగానొక్క కొడుకు ఉద్యోగం మీద వేరే ఊళ్ళో ఉంటాడు. ఆమె భర్త కేశవులు బావ జార్జి టౌన్లో ఒక కాగితాల హోల్‌సేలు కొట్లో గుమాస్తాగా ఉండేవాడు. ఆయన మాట్లాడగా విన్నవాళ్ళు తక్కువ. పెళ్ళిచూపుల్లో పిల్ల నచ్చిందా అంటే తలూపి ఊరుకున్నాడని మా అమ్మ పోయేదాకా చెప్పుకుని నవ్వేది. కానీ శనివారం వచ్చిందంటే వాళ్ళ వీధి భజన మందిరంలో తాళం ఆయనదే. అరచేతిలో ఇమిడే రెండు కంచు తాళాలు. పాడడు, అందరితో కలిసి గోవిందా అని కూడా అనడు. తాళం మాత్రం వేస్తాడు.

ఆ భజన గోష్ఠిలో ఒక కట్టుబాటు ఉంది. పాట ఎత్తుకునే ముందు తాళం ఒంటరిగా మూడుసార్లు మోగాలి. మూడో దెబ్బకు హారతి కర్పూరం ముట్టించాలి, ఆ తరువాతే ఎవరైనా నోరు తెరవాలి. తాళం పట్టేవాళ్ళకు చెవి శుద్ధంగా ఉండాలి. చెవి మందగించిందని తెలిసిన రోజున తాళాలు తెచ్చి పెరుమాళ్ళ ముందు పెట్టి తప్పుకోవాలి. ఎవరూ అడగరు, తమంతట తామే చెయ్యాలి. బావకు ఆ అవసరం రాలేదు. పద్నాలుగేళ్ళ కిందట ఒక శనివారం తాళం వేసి ఇంటికొచ్చి, ఆదివారం తెల్లవారేసరికి పోయాడు. ఏడాది తిరిగాక ఆ తాళాలు అక్క పట్టుకుంది. ఆ మందిరంలో ఆడవాళ్ళు తాళం పట్టడం అదే మొదలు. ఎవరో ఏదో గొణిగారు గానీ అక్క తాళం విన్నాక ఆ గొణుగుడు ఆగిపోయింది.

బావ చప్పుడంటూ ఈ లోకంలో మిగిలింది ఒకే ఒక క్యాసెట్టు. ఎనభై ఒకటిలో ఎవరో మందిరంలో టేప్‌రికార్డరు పెట్టి గోష్ఠిని పట్టారు. అక్క దాన్ని పట్టుచీరల మడతల్లో దాచుకుంది. అది పాడే మిషన్ పాడైపోయి పదేళ్ళు దాటింది.

తమిళుల పెరటాసి పెరుమాళ్ళ నెల. ఆ నెల శనివారాల్లో ఒకనాడు మా ఇళ్ళలో తళిగ వేస్తాం. అరటాకుల మీద పులిహోర, చక్కెర పొంగలి, వడలు రాశులుగా పోసి, పెరుమాళ్ళకు నివేదన పెట్టి హారతి ఇస్తాం. ఈ ఏడు మూడో శనివారం అక్క ఇంట్లో తళిగ. నెల ముందే అక్క ఆ క్యాసెట్టును చేతిగుడ్డలో చుట్టుకుని మా ఇంటికొచ్చింది.

"రాజులూ, ఇది నీ మిషన్లో పాడతాదా?" అని అడిగింది. "తళిగ నాడు హారతికి ఇది పెడితే మీ బావే వచ్చి తాళం ఏసినట్టు ఉంటాది. దీంట్లో ఒక చోటు ఉండాది. అది ఇంకొక్కసారి వినాలని ఉండాదిరా."

ఏ చోటు అని నేను అడగలేదు. "వినడమేంటక్కా, బావ నీ ఎదురుగా కూర్చున్నట్టు చేసి పెడతా" అన్నాను. అక్క నన్ను ఏదైనా అడగడం అరుదు. చిన్నప్పుడు మా అమ్మ కంటే ఎక్కువ ముద్దలు నాకు అక్క చేత్తోనే పడ్డాయి. అందుకే ఆ పనిలోకి పీకల్లోతు దిగిపోయాను.

ఎలక్ట్రానిక్ సామాన్ల బజారు రిచీ స్ట్రీట్లో వెతికి ఒక పాత క్యాసెట్ డెక్కు సంపాదించాను. మా అమ్మాయి లక్ష్మీప్రియ ల్యాప్‌టాప్‌కు దాన్ని తగిలించాను. తను పెరుంగుడిలో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పనిచేస్తుంది, ఇంట్లో కూడా సగం తమిళమే మాట్లాడుతుంది. టేపు ఒక్కసారి చివరిదాకా పాడింది. వెనక్కి తిప్పుతుంటే రెండుచోట్ల తెగింది. పోతే పోయింది, అప్పటికే ఫైలు ల్యాప్‌టాప్‌లోకి వచ్చేసింది.

దాన్ని శుభ్రం చేసే పని నాది. ఆ సాఫ్ట్‌వేర్లో ధ్వని బొమ్మలా కనిపిస్తుంది, మంద్రస్థాయి కింద, పైస్థాయి పైన. కింది భాగంలో గొంతులు, హార్మోనియం, డోలక్కు దట్టంగా ఉన్నాయి. పై భాగంలో సన్నటి గీతలు, వాటి చుట్టూ మసి. ఆ పై భాగాన్ని మాత్రమే విడదీసి హెడ్‌ఫోన్లో విన్నాను. ఏమీ లేదు. వాల్యూము పెంచాను, అప్పుడూ ఏమీ లేదు. ఇన్నేళ్ళ టేపుకు పట్టిన మురికి అని తేల్చేసి అంతా కోసేశాను. పాట మొదలయ్యే ముందు విడిగా మూడు గీతలు సూదుల్లా నిలబడి ఉన్నాయి. వాటినీ విన్నాను. ఏమీ లేదు. ఏవో మిషన్ టక్కులై ఉంటాయని అవీ తీసేశాను. మొదటి మూడు తాళాలూ పడ్డాక ఆలస్యంగా బటన్ నొక్కి ఉంటారని, ఆనాడు రికార్డు చేసినాయన్ని కాస్త తిట్టుకున్నాను కూడా.

"పాత ఫైలు చెరిపేసెయ్ పాపా, అది చెత్త" అని అమ్మాయికి చెప్పాను. "సరిప్పా" అంది.

శుభ్రం చేసిన ఫైలును ముందుగదిలో పెట్టాను. గొంతులు ఒక్కొక్కటీ కడిగి ఆరేసినట్టు వినపడ్డాయి. భువనేశ్వరి తడిచేతులతో గుమ్మంలో నిలబడి రెండు నిమిషాలు వింది.

"బాగుండాది. ఏందో మూత పెట్టినట్టు ఉండాది గానీ" అంది.

"నీకు తెలియదులే" అన్నాను.

"తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు" అనుకుంటూ లోపలికి పోయింది. పెళ్ళయిన ముప్పైరెండేళ్ళలో ఆ సామెత నాకు అలవాటైపోయింది కాబట్టి పట్టించుకోలేదు.

మూడో శనివారం వచ్చింది. అమ్మాయికి ఆఫీసు ఉండి రాలేదు. నేను ముందురోజే అక్క ఇంట్లో ఒక స్ట్రీమర్ పెట్టి, పూజ అలమారాకు రెండు వైపులా చిన్న స్పీకర్లు అమర్చాను. ఆకుల మీద పులిహోర ఆవిర్లు కక్కుతోంది. గోష్ఠి వాళ్ళు, పక్కింటి తంగమ్మ, అంతా కలిపి పన్నెండు మంది ఉన్నారు. ఇప్పుడు గోష్ఠి నడిపే విజయకుమార్ అందరికంటే ముందు కూర్చున్నాడు. అక్క కొత్త చీర కట్టుకుని, హారతి పళ్ళెంలో కర్పూరం పెట్టుకుని, ఒక చేత్తో అగ్గిపెట్టె, ఒక చేత్తో పుల్ల పట్టుకుని నిలబడింది. మూడో దెబ్బకు గీయడానికి సిద్ధంగా ఉంది.

నేను ఫోన్లో తాకాను. పాట మొదలైంది.

అక్క పుల్ల గీయలేదు. పుల్ల మొనను అగ్గిపెట్టెకు ఆనించి అలాగే నిలబడిపోయింది. మొదటి చరణం అయిపోయింది, రెండోదీ అయిపోయింది. చివరికి భువనేశ్వరి వెళ్ళి ఆమె చేతిలోంచి అగ్గిపెట్టె తీసుకుని కర్పూరం వెలిగించింది. హారతి అయిందనిపించారు.

"తాళం యాడరా?" అంది అక్క.

"మొదటి మూడూ టేపులోనే లేవక్కా, ఆలస్యంగా నొక్కినారు. పాటలో ఉండాది, విను" అని మళ్ళీ పెట్టాను.

అక్క స్పీకరు దగ్గరకు పోయి, నెరిసిన జుట్టు చెవి వెనక్కి తోసుకుని, తల ఆనించి వింది. "లేదురా" అంది.

"ఉండాదక్కా. ఇదో. ఇదో." గాలిలో వేలితో ఒక్కో దెబ్బా చూపించాను. ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది గానీ నేను అబద్ధమాడలేదు. నాకు ప్రతి దెబ్బా స్పష్టంగా వినపడింది.

"నాకు చెవిన పడలేదే" అంది.

నెల రోజుల కష్టం, ముందు పన్నెండు మంది జనం. నాకు కోపం తన్నుకొచ్చింది. "నీకు డెబ్బై దాటిందక్కా. చెవులు మందమైనాయి. ఈ ఫైల్లో లేనిదంటూ లేదు. వినేవాళ్ళకు చెవులుండాల" అన్నాను.

విజయకుమార్ నేలకేసి చూశాడు. తంగమ్మ కొంగు సర్దుకుంది. అందరూ నా మాట ఒప్పుకున్నారనుకున్నాను.

"అయ్యుండొచ్చులే" అంది అక్క మెల్లిగా. "నీ చెవులకు తెలియకుండా పోతాదా." తరువాత అందరికీ వడ్డించమంది. తను మాత్రం ఆకులో పులిహోరను వేళ్ళతో కదుపుతూ కూర్చుంది. నేను రెండోసారి వడలు వేయించుకున్నాను.

గురువారం సాయంత్రం భువనేశ్వరి కూరగాయల సంచి కింద పెడుతూనే చెప్పింది. "మీ అక్క తాళాలు తీసకపోయి పెరుమాళ్ళ ముందర పెట్టేసి వచ్చిందంట. చెవి పోయినాక పట్టకూడదని. మార్కెట్లో తంగమ్మ చెప్పింది."

పదమూడేళ్ళుగా ఆ తాళాలు అక్క చేతిలో ఉన్నాయి. బావవి ఆమె దగ్గర మిగిలినవి రెండే: ఆ తాళాలు, ఆ క్యాసెట్టు. క్యాసెట్టు నేను తెంపాను. తాళాలను నా మాట లాగేసుకుంది.

"వయసైతే ఎవరికైనా వచ్చేదే గదా" అన్నాను, నాకు నేనే చెప్పుకుంటున్నట్టు.

"ఆ పాటలో తాళం లేదండీ" అంది భువనేశ్వరి.

"ఏమంటా ఉండావు?"

"లేదు. ఆడున్న వాళ్ళందరికీ తెలుసు. మీరు గాల్లో ఏలుతో చూపిస్తా ఉంటే చూడలేక తలకాయలు దించుకున్నారు. అంత మందిలో మొగుణ్ణి పట్టుకుని నేనేం చెప్పేది? ఇంటికొచ్చినాక చెప్దామంటే మీరు వారమంతా ఆ ఫైలు గొప్పలే చెప్తా ఉండారు."

అమ్మాయి ఆఫీసు నుంచి వచ్చేదాకా ముందుగదిలో గోడకేసి చూస్తూ కూర్చున్నాను. రాగానే చెప్పులైనా విడవనీయకుండా పాట పెట్టాను. ఒక నిమిషం వింది.

"తాళమే ఇల్లప్పా, లేనే లేదు" అంది. తరువాత ల్యాప్‌టాప్ తెరిచింది. "ఇరు, ఉండు. మొదటి ఫైలు నేను చెరపలేదు. టేపు తెగిపోయింది గదా, ఎట్ల చెరిపేది?"

ఆ ఫైలు పెట్టింది. నాకు ముందు మంద్రంగా ఒక హోరు వినపడింది. కాసేపటికి పాట మొదలైంది. అమ్మాయి ముఖం విప్పారింది.

"అబ్బ, ఎంత షార్పుగా ఉందప్పా. మూడు దెబ్బలూ చెవిలో పొడిచినట్టు వచ్చినాయి."

"ఏ మూడు?" అన్నాను.

అమ్మాయి నా వైపు చూసింది. ఫోన్లో ఏదో వెతికి, స్ట్రీమర్‌కు కలిపింది. స్పీకర్లలోంచి ఈల లాంటి ఒకే స్వరం వచ్చింది. "వస్తా ఉందా?" అని అడిగింది. వస్తోందన్నాను. స్వరాన్ని పైకి జరిపింది. వస్తోంది. ఇంకా పైకి జరిపింది. సన్నగా, దారప్పోగులా వస్తోంది. ఇంకాస్త జరిపింది. ఆగిపోయింది.

"ఆపేశావా?" అన్నాను.

అమ్మాయి తెర నా వైపు తిప్పింది. ఫోన్లో అంకెలు పెరుగుతూనే ఉన్నాయి. నేను రెండు స్పీకర్ల మధ్య, నాకోసం కొలిచి పెట్టుకున్న చోట కూర్చుని ఉన్నాను. గదిలో నిశ్శబ్దం. అప్పుడు వంటింట్లోంచి, రెండు గోడల అవతల నుంచి, భువనేశ్వరి గొంతు వినపడింది.

"పాపా, ఆ కీచుమనేదాన్ని ఆపు. చెవులు చిల్లులు పడతా ఉండాయి."

ఆ మాట నాకు చాలా బాగా వినపడింది.

హార్బర్ వర్క్‌షాపులో చెవులకు పెట్టుకోమని మఫ్స్ ఇచ్చేవాళ్ళు. వాటిని మెడకు తగిలించుకుని తిరిగేవాణ్ణి. సుత్తి దెబ్బ శబ్దాన్ని బట్టి ఇనుములో పగులు కనిపెడతానని నాకు గర్వం. రోజుకు ఎనిమిది గంటలు, ముప్పైనాలుగేళ్ళు. ఇనుము తన వంతు తీసుకుపోయింది. ఎప్పుడు తీసుకుపోయిందో నాకు తెలియలేదు. పోయిన శబ్దం పోతూ పోతూ చెప్పదు కదా.

మరి ఇన్నేళ్ళూ నేను విన్నదేమిటి? ఈ తీగ మారిస్తే పైస్థాయిలో గాలి ఆడుతోందన్నాను, ఆ ఫైలులో గజ్జెల మొనలు కూడా తెలుస్తున్నాయన్నాను. అన్నీ నాకు తెలిసిన పాటలే. పాత జ్ఞాపకం పాడుతుంటే నేను విని, ఆ మెప్పు యంత్రానికి ఇచ్చాను. అక్క ఇంట్లో వేలితో చూపించిన దెబ్బలు కూడా అంతే. అవి స్పీకర్లోవి కావు. పదేళ్ళ పిల్లవాడప్పటి నుంచి నా తలలో ఉన్నవి. ఏమీ వినపడకపోతే అక్కడ ఏమీ లేదని తీర్పు చెప్పేశాను. వినపడనిది నాకేనేమో అన్న అనుమానం ఒక్క క్షణం కూడా రాలేదు. గురివింద గింజకు కూడా తన నలుపు కనపడదు గానీ, పక్కదానికి నువ్వు నల్లగా ఉన్నావని తీర్పు చెప్పి పంపదు.

అయినా బుద్ధి రాలేదు. శుక్రవారం పొద్దున అక్కకు ఫోన్ చేసి, "అక్కా, మిషన్లో తప్పుండాది. ఫైల్లో తాళం పోయింది. నీ చెవులు బాగానే ఉండాయి. తాళాలు మళ్ళీ తీసుకో" అన్నాను.

అక్క నమ్మలేదు. "నన్ను సముదాయించేదానికి చెప్తా ఉండావు. ఫైల్లో లేకపోతే నీకెట్టా వినపడిందిరా? ఏలుతో చూపించినావు గదా" అంది. "పోనీలే నాయనా. వయసుకు వచ్చింది. ఆయన్ని వినే రాత లేదు, అంతే."

ఫోన్ పెట్టేశాను. ఆమె లెక్క సరిగ్గా ఉంది. నాకు వినపడిందన్న మాట నిలబడి ఉన్నంతకాలం ఆమె చెవిటిదే. ఆ మాటను పడగొట్టగలిగేది నేనొక్కణ్ణే. అదీ ఎవరి ముందు అన్నానో వాళ్ళ ముందే.

నాలుగో శనివారం పొద్దున ఆ చిన్న స్పీకర్లు రెండింటినీ ఒళ్ళో పెట్టుకుని ఆటోలో మందిరానికి వెళ్ళాను. అమ్మాయి సెలవు పెట్టి నాతో వచ్చింది. గోష్ఠి వాళ్ళంతా కూర్చున్నారు. తాళాలు పెరుమాళ్ళ పటం ముందు ఇత్తడి తట్టలో ఉన్నాయి. ఎవరూ ముట్టుకోలేదు. అక్క ఎప్పుడూ కూర్చునే చోట కాకుండా, వెనక గోడ దగ్గర ఆడవాళ్ళ వరసలో చివర కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఆ చేతులకు ఏం చెయ్యాలో తెలియనట్టు ఉంది.

అమ్మాయి తీగలు తగిలిస్తుంటే నేను నిలబడే ఉన్నాను. పురసవాక్కం మిత్రుల్లో ఒకాయన ఇదే వీధిలో ఉంటాడు. ఆయనా వచ్చి స్తంభం పక్కన కూర్చున్నాడు.

"విజయకుమారూ, ఒక మాట చెప్పాల" అన్నాను. "పోయిన వారం మా అక్కకు చెవులు మందమైనాయని అన్నాను. అది తప్పు. మందమైంది నాకు. తాళం చప్పుడు నాకు వినపడదు. మా పాప పరీక్ష పెట్టి చూసింది. వినపడక, అది మురికి అనుకుని, మా బావ తాళాన్ని నా చేత్తో నేనే తీసేసినాను. లేనిదాన్ని ఉండాదని అక్కతో వాదించినాను. ఆమె చెప్పిందే నిజం. ఆమె చెవులకు ఏమీ కాలేదు."

స్తంభం పక్కనున్న మిత్రుడి వైపు నేను చూడలేదు. అందరూ నన్ను చూస్తున్నారని మాత్రం తెలుస్తోంది. నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు.

అక్క గోడ పట్టుకుని లేచి నా దగ్గరకు వచ్చింది. తిడుతుందేమోనని చూశాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"ఎన్నాళ్ళుగా రా?" అని అడిగింది.

"తెలియదక్కా."

"చిన్నప్పుడు ఈది మొగదల ఐసుబండి గంట కొడితే అందరికంటే ముందు నువ్వే పరిగెత్తేవాడివి" అంది. నా చెవి తమ్మెను పట్టుకుని, చిన్నప్పుడు జ్వరం చూసినట్టు, కాసేపు అలాగే ఉంచింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాచుకోలేదు.

విజయకుమార్ లేచి, తట్టలోంచి తాళాలు తీసి, కళ్ళకద్దుకుని అక్కకు ఇచ్చాడు. అక్క తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. "ముందర మీ బావని ఏయనీ" అంది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. "చెయ్యి ఇట్టా ఇయ్యి" అని నా కుడి అరచేతిని తన మోకాలి మీద వెల్లకిలా పెట్టింది. భువనేశ్వరి అగ్గిపుల్ల పట్టుకుని నిలబడింది. అమ్మాయి ఫోన్లో ఆ మొదటి ఫైలును తాకింది.

నాకు హోరు వినపడింది, అంతే. అక్క రెండు వేళ్ళు నా అరచేతి మీద ఒకసారి పడ్డాయి. ఆగి, మళ్ళీ పడ్డాయి. ఆగి, మూడోసారి పడ్డాయి. భువనేశ్వరి పుల్ల గీసింది. కర్పూరం అంటుకుంది. గొంతులు లేచాయి.

మొదటి చరణమంతా అక్క వేళ్ళు నా చేతిని వదల్లేదు. నేను మురికి అని కోసేసిందంతా ఒక్కో దెబ్బా తిరిగి నా చేతిలో పడుతోంది. బావ అంత మెత్తగా, అంత నిలకడగా వేసేవాడని నాకు మునుపెప్పుడూ తెలియదు. విన్నప్పుడు ఆ సంగతి పట్టలేదు. రెండో చరణం మధ్యలో అక్క వేళ్ళు పైకి లేచి గాలిలోనే ఆగిపోయాయి. ఒక దెబ్బ పడలేదు.

"ఏమైందక్కా?" అన్నాను.

"ఇదే ఆ చోటు" అంది, నా చెవి దగ్గరకు వంగి. "ఈడ నేను ఒళ్ళో పిల్లోడితో గడప దాటి లోపలికి వచ్చినాను. పురిటికి పోయి ఐదు నెలల తరవాత అప్పుడే రావడం. మీ బావ తలెత్తి చూసినాడు. చూసి, ఒక దెబ్బ తప్పినాడు."

అక్క ముఖం చూశాను. నవ్వుతోంది, కళ్ళు మూసుకుని ఉంది. వేళ్ళు మళ్ళీ నా అరచేతి మీదికి దిగాయి. మిగతా పాటలో బావ ఒక్క దెబ్బ కూడా తప్పలేదు.